మంచం పక్క నుంచి బల్ల దగ్గరికి

నేను ఒక ఇనుప స్టూలును. నాలుగు కాళ్ళు, పైన గుండ్రటి రేకు, అంతే. మీరు ఎప్పుడైనా ఆసుపత్రికి పోయి ఉంటే నా మీదో, నా తోటివాళ్ళ మీదో కూర్చునే ఉంటారు. గుర్తుండదు. మంచం మీది మనిషిని చూస్తారు గాని కింద స్టూలును ఎవరు చూస్తారు? నాకు మాటలు తక్కువ. ఒక్క సంగతి ఉంది. అది చెప్పి ఊరుకుంటాను.

నేను పుట్టింది గుంటూరు ఆటోనగర్లో, ఒక వెల్డింగు షెడ్డులో. నన్ను చేసినవాడు సైదులు. ఆసుపత్రి వాళ్ళకని మాలాంటివి నలభై చేశాడు. నా నాలుగో కాలు దగ్గరికి వచ్చేసరికి కరెంటు పోయింది. వచ్చాక గబగబా అతికించాడు. ఆ కాలు వెంట్రుకవాసి పొట్టి అయింది. అటూ ఇటూ ఊపి చూసి, "ఏం కాదులే, కూర్చునేవాళ్ళ బరువుకు అదే సర్దుకుద్ది" అన్నాడు. సర్దుకోలేదు. ఇరవై ఆరేళ్ళుగా కుంటుతూనే ఉన్నాను. చేసిన పనిలో లోపం కనపడ్డప్పుడు మనుషులు అందరూ ఈ మాటే అంటారని తరువాత తెలిసింది.

ఆసుపత్రి పేరు నాకు తెలియదు. బోర్డు బయట ఉంటుంది, నేను లోపల ఉన్నాను. ఆడవాళ్ళ వార్డులో మూడో నెంబరు మంచం పక్కన నన్ను వేశారు. పొడుగాటి గది, పదహారు మంచాలు. పైన ఫినాయిలు వాసన, దాని అడుగున చీము వాసన. చక్కెర జబ్బుతో కాళ్ళు పుండ్లు పడినవాళ్ళే ఎక్కువగా వచ్చేవాళ్ళు. కొందరు రెండు కాళ్ళతో వచ్చి ఒక కాలితో పోయేవాళ్ళు.

నా మీద కూర్చున్నవాళ్ళను నేను బరువును బట్టి ఎరుగుదును. భయం ఉన్న మనిషి అంచున కూర్చుంటుంది. ఆశ వదిలేసుకున్న మనిషి ఒళ్ళంతా దించి కూర్చుంటుంది. పళ్ళు పట్టుకొచ్చిన చుట్టాలు ఐదు నిమిషాలు కూర్చుని, అందులో రెండు నిమిషాలు ఆ పళ్ళు ఎక్కడ కొన్నారో చెప్పేవాళ్ళు.

సిస్టర్లు డ్యూటీలో కూర్చోకూడదని అక్కడ రూలు. రాహేలు సిస్టరు ఒక్కతే కూర్చునేది. నన్ను కాలితో మంచం కొసకు లాక్కుని, రోగి మడమను ఒళ్ళో పెట్టుకుని కట్టు మార్చేది. పెద్ద నర్సు వచ్చి, "ఏంటి రాహేలూ, కూర్చున్నావ్?" అంటే, "పుండు కింద ఉంది మేడం. నేను పైన నిలబడితే అదెట్టా కనపడిద్ది?" అనేది. 

ఆమె రోగిని అడిగేది తక్కువ. పాదాలకు చేతి వెనక వైపు ఆనించి చూసేది. కనురెప్ప దించి చూసేది. పక్క గుడ్డ తడిమేది. ఎలా ఉందని అడిగితే "బాగుందమ్మా" అనే అంటారని ఆమెకు తెలుసు. డాక్టర్లకూ నర్సులకూ బాధ చెప్పుకోవడం వాళ్ళ కష్టానికి వంక పెట్టినట్టని మనవాళ్ళు అనుకుంటారు. ప్రాణం మీదికి వచ్చినా బాగుందనే అంటారు.

ఇంకొకటి. పొద్దున ఇడ్లీ బండి కొన్ని రోజులు ఆలస్యంగా వచ్చేది. చార్టులో ఎనిమిది అని ఉంది గదా అని కొత్త నర్సులు ఎనిమిదింటికే ఇన్సులిన్ సూది పట్టుకుని వచ్చేవాళ్ళు. రాహేలు సిస్టరు వాళ్ళ చేతిలో ట్రే లాగేసుకునేది.

"గడియారాన్ని చూసి పొడుస్తావా? ముద్ద మింగిందాకా సూది ముట్టుకోబాకు. కడుపులో తిండి లేకుండా ఈ మందు పోతే ఒంట్లో చక్కెర పడిపోయిద్ది. చెమటలు పడతయ్, నోరు మొద్దుబారిద్ది, మనిషి అట్టే పోద్ది."

ఇరవై రెండేళ్ళు ఈ మాట విన్నాను. పిల్ల నర్సులు మారారు, మాట మారలేదు.

ఆ మూడో నెంబరు మంచం మీదికి అంకమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి. మిర్చి యార్డు దగ్గర మిరపకాయల తొడిమలు తీసే పని. ఆమె వచ్చిన రోజు వార్డంతా తుమ్మింది. చీరలో, జుట్టులో, గోళ్ళ సందుల్లో కారమే. కుడి పాదం కింద రూపాయి బిళ్ళంత పుండు, లోపలికి ఎముక దాకా పోయింది. చీలమండ పైదాకా తీసేయాలని డాక్టర్లు అన్నారు. రాహేలు సిస్టరు పది రోజులు గడువు అడిగింది. పది కాస్తా నలభై అయ్యాయి. రెండు పూటలా కడిగింది, కుళ్ళిన కండ కోసింది, కట్టు కట్టింది. పుండు అడుగున ఎర్రగా కండ మొలిచింది. కాలు నిలిచింది.

అంకమ్మకు ఆకు వక్క లేకపోతే గడవదు. వార్డులో కూడదంటే దొంగతనంగా బుగ్గన పెట్టుకునేది. అప్పుడు మాట ముద్దముద్దగా వచ్చేది.

"నోరు తెరువు పెద్దమ్మా."

"ఏం... లేదు... సిస్టరమ్మా."

"ఏం లేకుండానే మాట నానిందా? ఊసెయ్. లేకపోతే పోయి ఈ కాలు మళ్ళీ డాక్టరుకే ఇస్తా."

వార్డంతా నవ్వేది. అంకమ్మ ఊసి, "ఈ తల్లి కళ్ళు కళ్ళు కావు, దుర్భిణీలు" అనేది.

ఇంకో మూడు రోజుల్లో ఇంటికి పంపుతారనగా అంకమ్మ తడి గచ్చు మీద జారింది. రాహేలు సిస్టరు పరుగెత్తి, పడబోతున్న మనిషిని రెండు చేతులా అందుకుంది. అంకమ్మకు ఏమీ కాలేదు. సిస్టరు నడుములో మాత్రం ఏదో చిట్లిన చప్పుడు అయింది. నెలన్నర పడుకుని లేచి వచ్చింది. ఇక వంగకూడదు, ఎవరినీ ఎత్తకూడదు అని డాక్టర్లు రాసిచ్చారు.

వంగని నర్సు వార్డులో ఎందుకు? రెండో అంతస్తులో కొత్తగా ఒక ఆఫీసు పెట్టి ఉన్నారు. కేర్ కోఆర్డినేషన్ అంటారు. ఇంటికి పోయిన రోగులకు ఫోను చేసి మందులు వాడుతున్నారా, పుండు ఎలా ఉంది, మళ్ళీ ఎప్పుడు రావాలి, ఇవి కనుక్కోవడం, డాక్టరుకు చెప్పడం, తేదీలు కుదర్చడం. మంచి పనే. ఆమెను అక్కడ వేశారు. వార్డులో అందరూ సంతోషపడ్డారు. "నీకేమ్మా, ఏసీలో కూర్చుంటావు, ఎవరి ఉచ్చా పియ్యీ ఎత్తే పని లేదు" అన్నారు. 

చక్రాల కుర్చీ ఇచ్చారు. దాంట్లో ఆమె నడుము నిలవలేదు. వార్డులోంచి గట్టి స్టూలు ఒకటి తెప్పించమంది. మూడో నెంబరుది అని మరీ చెప్పింది. అలా నేనూ పైకి వచ్చాను.

ఆ గదిలో ఏ వాసనా లేదు. నాకు అది కొత్త. ఎదురుగా బల్ల, దాని మీద కంప్యూటరు, ఫోను. సిస్టరు ఫోనును స్పీకరులో పెట్టి మాట్లాడేది, రెండు చేతులూ ఖాళీగా ఉంటే టైపు కొట్టొచ్చని. కాని అవతలివాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ ఆమె కుడిచేతి వేళ్ళు ఎడమ మణికట్టు మీద ఉండేవి. తన నాడి తనే పట్టుకుని కూర్చునేది. ఆ సంగతి ఆమెకు తెలుసో లేదో.

ఆ సెక్షనుకు పెద్ద, మధుకర్ గారు. చెడ్డవాడు కాదు. గొంతు పెంచడు. "సిస్టర్, ప్రశ్నలు పదకొండు. ఫోను మూడు నిమిషాలు. అది దాటితే స్క్రీన్ మీద ఎర్రగా వస్తుంది, పైవాళ్ళకు కనపడుతుంది. నూట పది మంది ఉన్నారు రోజుకు, మీకు తెలియందేముంది" అన్నాడు.

ఆ పదకొండులో మూడోది ఇన్సులిన్ వేసుకున్నారా అని. అవును, కాదు, రెండు గళ్ళు. తిన్నారా అనే ప్రశ్న లేదు. రాసినవాళ్ళకు తోచలేదు. తినకుండా ఎవరు ఉంటారు అనుకున్నారేమో.

సోమ, శుక్రవారాల్లో ఫోను చేయాల్సినవాళ్ళ పట్టీలో అంకమ్మ పేరు వచ్చింది.

"పెద్దమ్మా, నేను రాహేలును."

"మా సిస్టరమ్మే! నీ గొంతు విని ఎన్నాళ్ళయింది తల్లీ. నడుమెట్టా ఉంది? నా మూలాన్నేగా."

"నా సంగతి నువ్వు అడుగుతావేంది, అడిగే జీతం నాది. సూది వేసుకుంటన్నావా?"

"నువ్వు చెప్పినాక తప్పుతానా?"

"ఒక్క పూట కూడా మానబాకు. పండగొచ్చినా సరే, పెళ్ళికి పోయినా సరే, పొద్దున ఎనిమిదింటికి సూది పడాల్సిందే. మానావంటే ఈసారి కాలు నేను ఆపలేను."

"మానను తల్లీ. ఒట్టు."

ఆ ఒట్టు వేయించుకున్నప్పుడు రాహేలు సిస్టరు నవ్వుతూ ఉంది. నా మీద ఆమె బరువు తేలికగా ఉంది.

కార్తీకం వచ్చింది. మొదటి సోమవారం మధ్యాహ్నం ఫోనులో పదకొండు ప్రశ్నలూ అయ్యాక అంకమ్మ, "అమ్మా, ఇంకో మాట అడగాల..." అంది. స్క్రీన్ మీద ఎర్రగా వచ్చింది. పక్క బల్ల దగ్గర మధుకర్ గారు తల ఎత్తాడు.

"శుక్రవారం చేస్తాగా పెద్దమ్మా, అప్పుడు అడుగుదువుగాని" అంది సిస్టరు.

"అట్టాగేలేమ్మా" అంది అంకమ్మ.

శుక్రవారం అంకమ్మ పేరు వేరే అమ్మాయి పట్టీలో పడింది. పట్టీలు కంప్యూటరే వేస్తుంది. దానికి ఎవరు ఎవరితో ఏం చెప్పుకోవాలో తెలియదు గదా.

రెండో సోమవారం, మూడు గంటలకు మళ్ళీ సిస్టరు వంతు వచ్చింది. ఫోను చాలాసేపు మోగాక ఎత్తింది అంకమ్మ.

"పెద్దమ్మా, పొద్దున సూది వేసుకున్నావా?"

"ఆఁ... ఏసు... కున్నా..."

మాట నాలిక మీద నుంచి జారి పడుతున్నట్టు ఉంది.

"ఏందా మాట? నోట్లో ఆకు పెట్టుకుని మాట్లాడతన్నావు గదూ? పై అంతస్తులో ఉందిలే, దీనికి కనపడదులే అనుకున్నావా?"

అవతల నవ్వులాంటి చప్పుడు ఒకటి వచ్చింది.

"పుండు ఎట్టా ఉంది?"

"బాగుం... దమ్మా..."

"జ్వరం? నొప్పి?"

"బాగుంది..."

"సరే, ఆ ఆకు ఊసేసి కాసేపు పడుకో పో."

గళ్ళన్నీ నిండాయి. రెండు నిమిషాల నలభై సెకన్లు. స్క్రీన్ మీద పచ్చగా వచ్చింది. సిస్టరు ఎడమ మణికట్టు మీద వేళ్ళు తీసి తరువాతి నెంబరు కొట్టింది.

మంగళవారం పొద్దున ఆమె నా మీద కూర్చుని కంప్యూటరు తెరిచింది. ముందురోజు చేరినవాళ్ళ పట్టీలో అంకమ్మ పేరు ఉంది. సాయంత్రం ఐదు దాటాక తెచ్చారు. తెలివి లేదు. సిస్టరు నడుము సంగతి మరిచి ఒక్క ఉదుటున లేచింది. నేను పక్కకు పడిపోయాను. గంట తరువాత తిరిగి వచ్చి, నన్ను లేపి నిలబెట్టి, కూర్చుంది. ఒళ్ళంతా దించి కూర్చుంది. అలా ఆమె నా మీద ఎప్పుడూ కూర్చోలేదు.

మధుకర్ గారు వచ్చి నిలబడ్డాడు.

"ఒక్కపొద్దంట" అంది సిస్టరు. "చుక్క పొడిచిందాకా ఏమీ తినకుండా సోమవారం ఉందంట. పొద్దున ఎనిమిదింటికి సూది వేసుకుని మరీ ఉందంట. చక్కెర ఇరవైకి పడిపోయింది."

అంకమ్మ గురువారం పోయింది. మళ్ళీ కళ్ళు తెరవలేదు.

ఆ ఫోనులో మాటలన్నీ ఆసుపత్రి వాళ్ళు దాచి పెడతారు. మధుకర్ గారు అవి విని వచ్చాడు. "సిస్టర్, మీరేం భయపడకండి. పదకొండు ప్రశ్నలూ అడిగారు. ఆమె అన్నిటికీ బాగుందనే చెప్పింది. రూలు ప్రకారం మీ తప్పేమీ లేదు" అన్నాడు.

"మాట ముద్దగా ఉంది సార్."

"ఆకు నములుతోందని మీరే అన్నారుగా."

"అన్నాను." స్క్రీన్ వైపు తిరిగింది. "నములుతుందేమో కూడా. ఆమెకు అలవాటు."

ఆ మాట పట్టుకుని ఆమె పన్నెండు రోజులు ఉంది. నాకు తెలుసు. ఫోనుకూ ఫోనుకూ మధ్య తనలో తను, "ఆకే అయి ఉంటది" అనుకునేది. ఆకే అయితే మూడు గంటలకు అంకమ్మ బాగానే ఉన్నట్టు. తరువాత ఏదో జరిగినట్టు. ఆకు కాకపోతే, అప్పుడు ఒక చెంచా పంచదార నోట్లో వేయించమని పక్కింటివాళ్ళను కేకేస్తే మనిషి దక్కేది. ఆసుపత్రికి కూడా రానక్కర్లేదు. ఆ రెంటికీ మధ్య ఆమె కూర్చుని ఉంది, నా మీద.

పన్నెండు రోజులు అయ్యాక అంకమ్మ కూతురు నాగరత్నం వచ్చింది. తల్లి పనే ఆమెదీ. గది నిండా కారం ఘాటు వచ్చింది. ఏసీ గదిలో అందరూ ముక్కులు మూసుకున్నారు. చేతిలో తడి గుడ్డ చుట్టిన మూట. చక్రాల కుర్చీ చూపిస్తే అది జరుగుతుందేమోనని జంకింది. రాహేలు సిస్టరు లేచి నన్ను ఇచ్చి, తను బల్లకు ఆనుకుని నిలబడింది. నాగరత్నం అంచున కూర్చుంది.

"మా అమ్మ మందులు రెండు సీసాలు మిగిలినయ్యమ్మా. మా ఇంట్లో ఫ్రిజ్జు లేదుగా, కుండలో నీళ్ళు పోసి చల్లగా పెట్టేది. ఇంకెవరికన్నా పనికొస్తయ్యని తెచ్చా. మిమ్మల్ని చూసినట్టూ ఉంటదని."

సిస్టరు సీసాలు అందుకుంది.

"మీ ఫోనంటే మా అమ్మకు ఎంత సంబరమో. సోమవారం పనికి కూడా పోయేది కాదు, మా సిస్టరమ్మ ఫోను వచ్చిద్దని. కాలు నిలిస్తే కార్తీకంలో సోమవారాలు ఉంటానని శివయ్యకు మొక్కుకుంది, మీ వార్డులో ఉండంగానే. మీరు కోప్పడతారని చెప్పలా. మొన్న మొదటి వారం ఫోనులో అడుగుదామనుకుందంట, ఒక్కపొద్దు నాడు సూది వేసుకోవచ్చా అని. కుదరలేదంట. సరేలే, సిస్టరమ్మ పండగొచ్చినా మానొద్దంది గదా, మానితే తప్పని వేసుకుంది. మొదటి వారం నీరసం వచ్చింది, మొక్కన్నాక ఉంటదిలే అంది." నాగరత్నం కొంగుతో ముక్కు తుడుచుకుంది. "దేవుడికిచ్చిన మాటా తప్పలా, మీకిచ్చిన మాటా తప్పలా. మహాతల్లి."

సిస్టరు బల్ల అంచు పట్టుకుంది. మధుకర్ గారు అవతల బల్ల దగ్గర నుంచి ఆమెనే చూస్తున్నాడు, వద్దన్నట్టు.

"రత్నం, ఆ రోజు మూడింటికి నేను ఫోను చేశాను. మీ అమ్మ మాట్లాడింది. మాట సరిగ్గా లేదు. ముద్దముద్దగా ఉంది. ఆకు నములుతుందనుకున్నాను."

నాగరత్నం కాసేపు అర్థం కానట్టు చూసింది.

"ఆకా? ఒక్కపొద్దు నాడు మా అమ్మ ఆకు వేసుకోదమ్మా. మంచినీళ్ళే ముట్టదు."

అన్న తరువాత ఆమెకు తను ఏమన్నదో తెలిసింది. అంచున ఉన్న మనిషి మెల్లగా మొత్తం బరువు నా మీదికి దించింది. నా పొట్టి కాలు టక్కుమంది.  పక్క బల్ల మీద ఎవరిదో ఫోను మోగి మోగి ఆగింది.

"మీరు దగ్గరుంటే కనిపెట్టేవాళ్ళు" అంది నాగరత్నం చివరికి.

"ఆఁ."

"ఈ సంగతి ఇంకెవరికన్నా చెప్పారా?"

"మా సారుకు తప్ప ఇంకెవరికీ లేదు."

"చెప్పబాకండి. మీ ఉద్యోగం పోద్ది. మా అమ్మ కాలు నిలబెట్టిన చేతులు. మా అమ్మకు తెలిస్తే ఊరుకోదు."

ఆమె లేచింది. మెట్ల దాకా పోయి ఆగింది. వెనక్కు తిరగలేదు. దిగిపోయింది. తిట్టి ఉంటే సిస్టరుకు కొంత తేలికయ్యేదేమో. మనుషులు ఒక్కొక్కసారి దయతో కూడా కొడతారు.

ఆ మధ్యాహ్నం రాహేలు సిస్టరు ఫోను ఎత్తలేదు. నా మీద కూర్చుని తెల్ల కాగితం తీసుకుని రాసింది. చింపింది. మళ్ళీ రాసింది. నాలుగోసారి రాసింది మడిచి మధుకర్ గారికి ఇచ్చింది. ఆయన నిలబడే చదివాడు. మడతలు మళ్ళీ అలాగే పెట్టాడు.

"సిస్టర్, ఇది మీరు నాకు ఇవ్వలేదనుకుంటాను."

"ఇచ్చాను సార్."

"మీకు ఇంకా పదేళ్ళ సర్వీసు ఉంది."

"ఉంది. అందుకే ఇచ్చాను."

వారం తరువాత ఆమెను ఫోనుల దగ్గర నుంచి తీసేశారు. కింద పాత కేసు కాగితాలు కట్టలు కట్టే గదిలో వేశారు. అక్కడ ఫోను లేదు, మంచం లేదు. పోయేటప్పుడు నన్ను తీసుకుపోతానని అడగలేదు. కుర్చీ ఏది ఇస్తే అది చాలంది. ఆమె చోటికి వచ్చిన అమ్మాయికి ఇరవై నాలుగేళ్ళు, వార్డులో ఒక్క రోజు పని చేయలేదు, ఎవరి పాదమూ ముట్టుకోలేదు. తెలివైన పిల్లే. రెండు నిమిషాల్లో ముగిస్తుంది. అన్నీ పచ్చగా వస్తాయి. ఆమెకు చక్రాల కుర్చీ సరిపోయింది, నాతో పని లేకపోయింది. నన్ను మేడ మీద విరిగిన మంచాల పక్కన పడేశారు. రెండు వానాకాలాలు తడిశాను. మొన్న పాత ఇనుము వాళ్ళు వచ్చి లారీలో వేసుకుపోయారు. ఇప్పుడు నల్లపాడు రోడ్డులో ఒక దొడ్డిలో ఉన్నాను. ఒక మనిషి నన్ను తిప్పి చూసి, "కాళ్ళు గట్టిగానే ఉన్నయ్, పైన రేకే పోయింది" అని ఒక పక్కకు విసిరాడు. పైపు కోసుకుంటారు కాబోలు.

ఆ కాగితం ఏమైందో నాకు తెలియదు. పై వాళ్ళకు చేరిందో, చించారో. ఆ పదకొండు ప్రశ్నలు మాత్రం నేను అక్కడ ఉన్నంత కాలం పదకొండే. కాగితంలో ఏముందో మాత్రం నాకు తెలుసు. నాలుగోసారి రాసింది ఆమె మెల్లగా పైకి చదువుకుంది. చిన్నదే. అంకమ్మ పేరు, వయసు, మంచం నెంబరు. మధ్యాహ్నం మూడు గంటలకు రోగి మాట తేడాగా ఉంది అని ఒక వాక్యం. దాని కింద ఇంకొకటి. మొదటి మూడు కాగితాల్లో అక్కడ 'సరిగా వినపడలేదు' అని రాసి చింపేసింది.

నాలుగోదానిలో 'నేను విన్నాను' అని రాసింది.